పేరు మీదే... మరి ఊరెవరిది?

పరువు తీశారని ఒకరు, తన గొంతు దొంగిలించారని ఇంకొకరు, చెరువు మింగేశారని వేరొకరు... కోర్టు మెట్లెక్కేవారి చేతుల్లో కాగితాలు వేరు కావచ్చు. అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. 'ఇది నాది, దీన్ని కాపాడుకునే హక్కు నాకుందా?' ఇటీవలి తీర్పులు దానికి ఏమని బదులిచ్చాయి?

ఒకే మనిషి. పదమూడు నెలలు. మూడు కోర్టులు.

2024 ఆగస్టు 24. శనివారం పొద్దున్నే హైదరాబాద్ మాదాపూర్‌లోని ఎన్ కన్వెన్షన్ దగ్గరికి పొక్లెయిన్లు వచ్చాయి. తమ్మిడికుంట చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్లలో కట్టారంటూ 'హైడ్రా' దాన్ని నేలమట్టం చేసింది. అది పట్టా భూమి అనీ, స్టే కూడా ఉందనీ నటుడు అక్కినేని నాగార్జున హైకోర్టుకు వెళ్లారు. కూల్చివేత ఆపమంటూ అదేరోజు ఉత్తర్వులు వచ్చాయి. అప్పటికి కూలాల్సింది కూలిపోయింది.

ఆ తర్వాత అక్టోబరు. మంత్రి కొండా సురేఖ తన కుటుంబం గురించి చేసిన వ్యాఖ్యలు పరువుకు భంగం కలిగించాయంటూ అదే నాగార్జున నాంపల్లి కోర్టులో ఫిర్యాదు చేశారు. స్వయంగా వెళ్లి వాంగ్మూలం ఇచ్చారు. ఏడాది దాటాక, 2025 నవంబరులో మంత్రి విచారం వ్యక్తం చేశారు. ఆయన కేసు ఉపసంహరించుకున్నారు.

ఈ మధ్యలోనే, 2025 సెప్టెంబరులో, ఆయన ఢిల్లీ హైకోర్టునూ ఆశ్రయించారు. తన పేరునూ రూపాన్నీ అనుమతి లేకుండా వాడుకోవద్దని కోరారు. కోర్టు సరేనంది.

ఆస్తి, పరువు, రూపం. ఒక్క మనిషి జీవితంలోనే మూడు తగవులూ వరసగా వచ్చాయి. ఆయనంటే సినిమా హీరో, పెద్ద లాయర్లను పెట్టుకోగలరు... మనకెందుకులే అనుకుంటాం. కానీ కాలనీ వాట్సప్ గ్రూపులో సెక్రటరీ మీద విరుచుకుపడే పెద్దాయన, దుకాణం బోర్డు మీద హీరో బొమ్మ వేయించిన చికెన్ సెంటర్ యజమాని, ఊరి చివర కుంట పక్కన ప్లాటు కొన్న మాస్టారు... వీళ్లెవరూ సినిమా తారలు కాదు. ఈ తీర్పులు వాళ్లకూ వర్తిస్తాయి.

మాట జారితే...

కాలు జారితే తీసుకోగలం కానీ నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. చట్టం కూడా ఆ మాటే చెబుతుంది. కాకపోతే సెక్షన్ల భాషలో. భారతీయ శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లుగా నూట అరవయ్యేళ్లకు పైగా చలామణీ అయిన పరువునష్టం నేరం, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్‌గా మారింది. శిక్ష మాత్రం పాతదే. రెండేళ్ల వరకూ సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్తగా వచ్చి చేరింది సమాజ సేవ. అంటే జైలుకు బదులు ఏదైనా సేవా కార్యక్రమం చేయమని కూడా న్యాయమూర్తి చెప్పొచ్చు.

అసలు మాటకు జైలేంటి? డబ్బు రూపంలో పరిహారం సరిపోదా? సుబ్రమణ్యస్వామి, రాహుల్ గాంధీ, అర్వింద్ కేజ్రీవాల్... రాజకీయంగా ఒకరంటే ఒకరికి పడని ఈ ముగ్గురూ సుప్రీంకోర్టులో ఇదే వాదన వినిపించారు. 2016 మే 13న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ ప్రఫుల్ల సి.పంత్‌ల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. పరువు కూడా జీవించే హక్కులో భాగమేననీ, ఒకరి వాక్‌స్వాతంత్య్రం కోసం ఇంకొకరి పరువును బలిపెట్టలేమనీ చెప్పింది. అలా ఆ సెక్షన్ నిలిచింది.

దాని పదునెంతో ఏడేళ్లకే తెలిసొచ్చింది. 2019 ఎన్నికల ప్రచారంలో కర్ణాటకలోని కోలార్‌లో చేసిన వ్యాఖ్యకు 2023 మార్చి 23న సూరత్ కోర్టు రాహుల్ గాంధీకి రెండేళ్ల జైలు శిక్ష వేసింది. మర్నాడే లోక్‌సభ సభ్యత్వం పోయింది. ఎందుకంటే శిక్ష రెండేళ్లు, అంతకు మించి ఉంటేనే అనర్హత వర్తిస్తుంది. ఒక్కరోజు తక్కువైనా వర్తించదు. ఆగస్టు 4న సుప్రీంకోర్టు పట్టుకున్నదీ ఆ మెలికనే. గరిష్ఠ శిక్ష ఎందుకు వేశారో కింది కోర్టు ఒక్క కారణమూ చెప్పలేదంటూ జస్టిస్ గవాయ్, జస్టిస్ పి.ఎస్.నరసింహ, జస్టిస్ సంజయ్‌కుమార్‌ల ధర్మాసనం ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. మూడ్రోజుల తర్వాత సభ్యత్వం తిరిగొచ్చింది. రాహుల్ మాట తప్పా ఒప్పా అన్నది అక్కడ తేలలేదు. శిక్ష వేసేటప్పుడు కారణం చెప్పాలన్నది మాత్రం తేలింది.

పరువు పేరు చెప్పి ఎదుటివాళ్ల నోరు నొక్కితే? దానికీ ఓ తీర్పుంది. తనపై లైంగిక వేధింపుల ఆరోపణ చేశారంటూ కేంద్ర మాజీ మంత్రి ఎం.జె.అక్బర్, పాత్రికేయురాలు ప్రియా రమణిపై పెట్టిన క్రిమినల్ కేసును 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు కొట్టేసింది. స్త్రీ గౌరవాన్ని పణంగా పెట్టి ఒకరి పరువును కాపాడలేమంది. దశాబ్దాల తర్వాతైనా సరే, తనకు నచ్చిన వేదిక మీద ఆమె గోడు చెప్పుకోవచ్చంది. ఆఫీసుల్లో, కాలేజీల్లో నోరు విప్పడానికి జంకే అమ్మాయిలకు ఆ వాక్యాలు కొండంత ధైర్యం.

పత్రికల సంగతీ అంతే. ఓ కంపెనీ మీద కథనం వస్తే, విచారణ మొదలవకముందే దాన్ని తీసేయమని ఉత్తర్వు తెచ్చుకోవడం అలవాటుగా మారింది. బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ రాసిన కథనంపై 'జీ' సంస్థ అలాంటి ఉత్తర్వే సంపాదించింది. 2024 మార్చి 22న సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టింది. అది అబద్ధమని, దురుద్దేశంతో రాసిందని పైపైనైనా తేలకుండా ముందే నోరు కట్టేయొద్దంది. విచారణ ఏళ్లతరబడి సాగుతుంది కాబట్టి తాత్కాలికమని ఇచ్చిన ఉత్తర్వే ఆ కథనానికి మరణశిక్ష అవుతుందని హెచ్చరించింది.

మరి మనం రాయలేదు, వేరెవరో రాసింది పంపామంతే... అంటే? ఆ సాకూ చెల్లదు. తమిళ నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి.శేఖర్ 2018లో మహిళా పాత్రికేయులను కించపరిచే పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. తర్వాత తీసేసి క్షమాపణ కూడా చెప్పారు. అయినా కేసు కొట్టేయడానికి 2023 జులైలో మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. ఫార్వర్డ్ చేయడమంటే అందులోని విషయాన్ని ఒప్పుకుని పంపినట్లేనంది. ఆ మరుసటి నెల సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. 'మీకు తెలియదేమో అని పంపాను' అన్న మాట ఇంట్లో చెల్లుతుందేమో కానీ కోర్టులో చెల్లదన్నమాట.

గొంతుకీ ఓ పట్టా!

పరువు తీయలేదు. పైగా పొగిడారు. అయినా కోర్టుకెళ్లొచ్చా? వెళ్లొచ్చు. తన పేరు, ముఖం, గొంతు, ఆఖరికి ఊతపదం... వీటిని వాడుకుని ఇంకొకరు సొమ్ము చేసుకుంటే అడ్డుకోవడాన్నే వ్యక్తిత్వ హక్కు, ప్రచార హక్కు అంటున్నారు. ఆ పేరుతో మనదేశంలో ప్రత్యేకంగా చట్టమేదీ లేదు. న్యాయమూర్తులే గోప్యత హక్కు నుంచి కాస్త, ట్రేడ్‌మార్కు చట్టం నుంచి కాస్త, కాపీరైటు చట్టం నుంచి కాస్త తీసుకుని ఒక్కో ఇటుకా పేరుస్తూ వచ్చారు.

మొదటి ఇటుకల్లో ఒకటి పేర్చింది తెలుగువాడే. 1994లో మరణశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో రాసుకున్న ఆత్మకథను తమిళ పత్రిక 'నక్కీరన్' వేయబోయింది. కొందరు అధికారుల బండారం బయటపడుతుందని కాబోలు, జైలు శాఖ వద్దంది. ఆ కేసులో జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి రాసిన తీర్పు నేటికీ దారిదీపం. కోర్టు రికార్డుల్లో ఉన్నంతవరకూ ఎవరి అనుమతీ లేకుండా ప్రచురించుకోవచ్చు. విధి నిర్వహణపై వచ్చే విమర్శను అధికారులు ముందే ఆపలేరు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఒకరి పేరునో రూపాన్నో వారి అనుమతి లేకుండా ప్రకటనకు వాడుకుంటే అది గోప్యతను ఉల్లంఘించడమే. పత్రికకు స్వేచ్ఛనూ మనిషికి రక్షణనూ ఒకే తీర్పు ఇచ్చింది.

ఆ తర్వాత కేసుల్లో సరదా కేసులూ ఉన్నాయి. గాయకుడు దలేర్ మెహందీలా ఆడుతూ పాడే బొమ్మల్ని అమ్మిన దుకాణానికి 2010లో ఢిల్లీ హైకోర్టు అడ్డుకట్ట వేసింది. తనిష్క్ ప్రకటనలోని అమితాబ్, జయాబచ్చన్‌ల బొమ్మను ఇంకో నగల దుకాణం తన హోర్డింగు మీదకు ఎక్కించుకుంటే 2012లో అదే కోర్టు తప్పుపట్టింది. 'మై హూ రజినీకాంత్' అని సినిమా తీయబోతే 2015లో మద్రాసు హైకోర్టు ఆ పేరు వాడొద్దంది. బోర్డులు, బొమ్మలు, టైటిళ్లు. అప్పటికి గొడవ అంతవరకే.

కృత్రిమ మేధ వచ్చాక కథ మారిపోయింది. ముఖం తెచ్చి అతికించడం, గొంతు తెచ్చి పాడించడం పిల్లలాట అయిపోయింది. 2023 సెప్టెంబరులో అనిల్ కపూర్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, పేరూ రూపమూ గొంతుతోపాటు 'ఝకాస్' అనే తన ఊతపదానికీ రక్షణ తెచ్చుకున్నారు. 2024 జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ వంతు వచ్చింది. ఆయన గొంతును అచ్చంగా పుట్టించే సాఫ్ట్‌వేర్లను బాంబే హైకోర్టు ఆపమంది. గాయకుడికి గొంతే జీవనాధారం, దాన్నే నకలు తీస్తే ఇంకేం మిగులుతుందన్నది అక్కడి ప్రశ్న. ఏడాది తర్వాత, 2025 సెప్టెంబరులో ఆశా భోంస్లే కూడా అదే కోర్టు నుంచి అలాంటి రక్షణే పొందారు.

ఆ సెప్టెంబరు మన తారలదీ. నాగార్జునకు ఢిల్లీలో ఉత్తర్వులొచ్చాయి. చిరంజీవి మాత్రం ఢిల్లీ దాకా వెళ్లలేదు. హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులోనే దావా వేశారు. తన పేరే కాదు... మెగాస్టార్, చిరు, అన్నయ్య అన్న పిలుపుల్ని కూడా వ్యాపారానికి వాడొద్దంటూ సెప్టెంబరు 26న మధ్యంతర ఉత్తర్వులు పొందారు. టీషర్టులు, పోస్టర్లు అమ్ముకునేవాళ్ల నుంచి కృత్రిమ మేధతో వీడియోలు తయారుచేసేవాళ్ల దాకా అందరికీ అది వర్తిస్తుంది. డిసెంబరులో జూనియర్ ఎన్టీఆర్, పవన్ కల్యాణ్ కూడా ఇదే కోరుతూ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు.

'అన్నయ్య' అనే పిలుపు మీద హక్కేంటి, ఇంట్లో అన్నను కూడా అలా పిలవకూడదా అని నవ్వుకోనక్కర్లేదు. ఆంక్ష పిలుపు మీద కాదు, ఆ పిలుపును చిరంజీవికి ముడిపెట్టి సరుకు అమ్ముకోవడం మీద. గీత అక్కడుంది. నవ్వించడం, వెక్కిరించడం, వ్యంగ్యచిత్రం గీయడం వేరు. అంగడి పెట్టుకోవడం వేరు. దలేర్ మెహందీ కేసులోనే ఈ హెచ్చరిక ఉంది. క్రికెటర్ల పేర్లు, బొమ్మలు, స్కోర్లతో నడిచే డిజిటల్ కార్డుల ఆటపై గొడవ వచ్చినప్పుడు 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, అందరికీ తెలిసిన వివరాల మీద ఎవరికీ గుత్తాధిపత్యం ఉండదని చెప్పింది. 'భిడూ' అన్న తన మాటకు జాకీష్రాఫ్ 2024 మేలో రక్షణ పొందినా, ఆయన మీద సరదా వీడియో చేసిన యువకుడిని మాత్రం కోర్టు అప్పటికప్పుడు ఆపలేదు. ఆ పిల్లల బతుకుతెరువునూ ఆలోచించాలంది.

పోయినవాళ్ల గొంతు ఎవరిది?

ఇక్కడే ఓ చిక్కుముడి. మనిషి పోయాక పేరు ఎవరికి చెందుతుంది? సుశాంత్‌సింగ్ రాజ్‌పుత్ జీవితంపై తీసిన సినిమాను ఆపమని ఆయన తండ్రి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2023 జులైలో జస్టిస్ సి.హరిశంకర్ కాదన్నారు. గోప్యత, ప్రచార హక్కులు మనిషితోపాటే పోతాయనీ, వారసత్వంగా రావనీ తేల్చారు. జయలలిత మేనకోడలు దీప 'తలైవి' సినిమాపై వేసిన కేసులోనూ 2021లో మద్రాసు హైకోర్టు దాదాపు ఇదే చెప్పింది.

ఇల్లు, పొలం, బ్యాంకు డబ్బు వారసులకు వస్తాయి. నాన్న గొంతు రాదు! ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అభిమానులకు ఈ మాట ఇంకా బాగా గుచ్చుకుంటుంది. ఆయన పోయిన మూడేళ్లకు, 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఆయన గొంతును కృత్రిమ మేధతో పుట్టించారు. తమ అనుమతి లేకుండా ఎలా చేస్తారంటూ కుమారుడు ఎస్పీ చరణ్ 2024 ఆరంభంలో లీగల్ నోటీసు పంపారు. కొడుక్కి ఆ గొంతు సొత్తు కాదు, జ్ఞాపకం. చట్టానికి జ్ఞాపకాన్ని కొలిచే తూకం ఇంకా దొరకలేదు. విచిత్రమేంటంటే పరువు విషయంలో చట్టం అంత కఠినంగా లేదు. పోయినవారి గురించి అవమానకరంగా మాట్లాడి, ఆ కుటుంబాన్ని నొప్పించాలన్న ఉద్దేశం ఉంటే అదీ పరువునష్టం నేరమేనని పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, కొత్త సంహితలోనూ ఉంది. తాతగారిని తిడితే కేసు పెట్టొచ్చు. తాతగారి గొంతుతో సబ్బులు అమ్మితే మాత్రం వెతుక్కోవాలి.

చెరువు ఎవరిది?

ముఖానికీ గొంతుకీ యజమాని ఎవరో కనిపిస్తూనే ఉంటారు. చెరువుకో, చెట్టుకో ఎవరుంటారు?

తిరుపతిలో అవిలాల చెరువు, పేరూరు చెరువు ఉన్నాయి. నీళ్లు లేక ఎండిపోయాయి, ఎలాగూ ఖాళీగా ఉన్నాయని ఒకదాన్ని గృహనిర్మాణ మండలికీ, మరోదాన్ని తితిదేకీ ఇళ్ల కోసం ఇచ్చింది అప్పటి ప్రభుత్వం. ఊరి మేధావులు కొందరు వేదికగా ఏర్పడి కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడిపోయారు. పట్టు వదల్లేదు. 2006 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు దేశమంతటా చెరువుల కేసుల్లో వినిపిస్తూనే ఉంది. చెరువుకు ప్రభుత్వం యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే! గుడి ఆస్తిని ధర్మకర్త అమ్ముకోలేనట్లే, జనం కోసం తన చేతుల్లో ఉన్న నీటిని ప్రభుత్వం ఇష్టారాజ్యంగా పంచిపెట్టలేదు. అప్పటికే కట్టిన ఇళ్లను కూల్చమనలేదు కానీ అక్కడ ఇకపై కట్టొద్దనీ, ఉన్న ఇళ్లకు వాననీటిని ఇంకించే ఏర్పాట్లు చేయాలనీ ఆదేశించింది.

మరి చెరువును కాపాడటానికి ఎంతకైనా తెగించొచ్చా? 2024 సెప్టెంబరు 22న, ఓ ఆదివారం, అమీన్‌పూర్‌లో ఒక భవనాన్ని హైడ్రా కూల్చింది. నోటీసులో ఇచ్చిన గడువు ఇంకా ముగియనే లేదు. ఆ నెలాఖరున హైకోర్టులో జస్టిస్ కె.లక్ష్మణ్ హైడ్రా కమిషనర్‌నూ తహసీల్దారునూ నిలదీశారు. సెలవు రోజుల్లోనే కూల్చివేతలు ఎందుకు, తహసీల్దారు అడిగితే చార్మినార్‌ను కూడా కూల్చేస్తారా అని చురకలంటించారు. ఆదివారం కోర్టులుండవు. తలుపు తట్టడానికి న్యాయమూర్తి దొరకరు. అందుకే ఆ ప్రశ్న.

రెండునెలలు తిరక్కుండానే, 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ నియమాలు పెట్టింది. కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. యజమాని చెప్పేది వినాలి. కారణాలతో ఉత్తర్వు రాయాలి. మళ్లీ 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. సామాన్యుడికి సొంతిల్లు జీవితకాలపు కష్టానికి గుర్తని జస్టిస్ గవాయ్ రాశారు. అయితే ఇందులో ఒక మినహాయింపు ఉంది. చాలామంది అది చదవరు. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టా, నది, చెరువు లాంటి బహిరంగ స్థలాల్లోని ఆక్రమణలకూ, కోర్టు ఆదేశించిన కూల్చివేతలకూ ఈ నియమాలు వర్తించవు. అంటే కుంటలో ప్లాటు కొన్న మాస్టారికి ఈ తీర్పు గొడుగు పట్టదు.

2025 వసంతంలో కథ కంచ గచ్చిబౌలికి మారింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాలు. ఆ భూమిపై ఏళ్లతరబడి సాగిన వ్యాజ్యంలో ఓ ప్రైవేటు సంస్థ మీద 2024లో ప్రభుత్వమే గెలిచింది. మా భూమి మేం అభివృద్ధి చేసుకుంటామంది. ఉగాది పండగ సెలవుల్లో పొక్లెయిన్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. నెమళ్లు, జింకలున్న చోటు అది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, హైకోర్టు రిజిస్ట్రార్‌ను అదేరోజు పంపి చూసి రమ్మని, చెట్ల నరికివేత ఆపేసింది. అప్పటికే దాదాపు వంద ఎకరాలు బోడిగా మారాయి. పచ్చదనాన్ని తిరిగి తెస్తారా, అధికారుల్ని తాత్కాలిక జైలుకు పంపమంటారా అని ఏప్రిల్ 16న గద్దించింది. ఆగస్టులో మాత్రం, అభివృద్ధికి తాము వ్యతిరేకం కాదనీ, పర్యావరణానికి చోటిచ్చే ప్రణాళికతో రమ్మనీ చెప్పింది. పత్రాల ప్రకారం భూమి ఎవరిదైనా కావచ్చు... దాని మీది అడవి అందరిదీ అన్నది ఆ ఉత్తర్వుల సారాంశం.

ఇదే కేసులో ముఖాల దొంగతనం కూడా తొంగిచూసింది. పొక్లెయిన్ల ముందు జింకలు పరుగెడుతున్నట్లు కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు ఫోన్లలో చక్కర్లు కొట్టాయి. అవి బూటకమని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. పంచుకున్నవారిలో ఓ సీనియర్ ఐఏఎస్ అధికారికీ నోటీసు వెళ్లింది. చెట్లు కొట్టేసింది నిజం. బొమ్మ అబద్ధం. అబద్ధపు బొమ్మ వల్ల నిజం చెప్పేవాళ్ల గొంతే బలహీనపడింది.

అమరావతిది తిరగేసిన కథ. మామూలుగా అభివృద్ధి ఆపమని జనం కోర్టుకెళ్తారు. అక్కడ రైతులు 'మొదలుపెట్టింది ఆపొద్దు' అని వెళ్లారు. దాదాపు 29 వేలమంది రైతులు సుమారు 34 వేల ఎకరాలు రాజధానికిచ్చారు. మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చాక పనులు ఆగాయి. 2022 మార్చి 3న హైకోర్టు రైతులకు మూడునెలల్లో అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇవ్వాలనీ, ఆరునెలల్లో రాజధాని పనులు చేయాలనీ తీర్పు చెప్పింది. ఆ ఏడాది నవంబరు 28న సుప్రీంకోర్టు ఆ గడువులపై స్టే ఇచ్చింది. కోర్టు టౌన్ ప్లానింగ్ అధికారిలా మారగలదా అని అడిగింది. చివరికి పనులు మళ్లీ మొదలైంది 2024 ఎన్నికల్లో ప్రభుత్వం మారాకే. ఇచ్చిన మాట తప్పకూడదని కోర్టు చెప్పగలదు. ఇటుక మీద ఇటుక పేర్చలేదు.

త్రాసు ఎటు మొగ్గుతోంది?

ఈ తీర్పుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఓ తీరు కనిపిస్తుంది. సొంత లాభానికి వాడుకున్నారా, నలుగురి మేలు కోసం మాట్లాడారా... కోర్టు మొదట చూసేది అదే. తార బొమ్మతో టీషర్టు అమ్మితే వద్దంది, వ్యంగ్యానికి తొందరపడి అడ్డుచెప్పలేదు. దురుద్దేశపు నింద కూడదంది, వేధింపుల్ని బయటపెట్టిన స్త్రీ వెనక నిలబడింది. ఆక్రమణదారుకు మినహాయింపు లేదంది, ఆదివారపు కూల్చివేతనూ ప్రశ్నించింది.

లోటూ కనిపిస్తుంది. తారలకు కొద్దిరోజుల్లోనే మధ్యంతర ఉత్తర్వులొస్తాయి. ఎవరో ఆకతాయి మార్ఫింగ్ చేసిన ఫొటోతో కుమిలిపోయే ఇంటర్ అమ్మాయి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లగలదా? ఆమె ముఖానికి వాణిజ్య విలువ లేకపోవచ్చు. కానీ తన ముఖం తనదే. చట్టం అసలు పరీక్ష అక్కడే.

ఇవి గుర్తుంచుకోండి

* పరువునష్టం కేసును పోలీసులు తమంతట తాము నమోదు చేయలేరు. బాధితులు మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. కొత్త చట్టం ప్రకారం, కేసు స్వీకరించే ముందు అవతలివారు చెప్పేదీ వినాలి.

* పరిహారం కోరే సివిల్ దావాకు గడువు ఏడాదే. క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. 'వంద కోట్ల దావా' అని వార్తల్లో వినడానికి బాగుంటుంది కానీ అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి.

* క్రిమినల్ కేసులో నిజం చెప్పానంటే చాలదు. అది ప్రజల మేలు కోసం చెప్పానని కూడా చూపించాలి. కాలనీ లెక్కల్లో తేడా ఉంటే లెక్కలు చూపించమని అడగండి. 'దొంగ' అన్న మాట వాడకండి.

* మార్ఫింగ్ ఫొటోలు, వీడియోలు కనిపిస్తే ముందు స్క్రీన్‌షాట్, లింకు భద్రపరచండి. ఆ సామాజిక మాధ్యమంలోని ఫిర్యాదుల అధికారికీ, జాతీయ సైబర్ నేర పోర్టల్‌కీ ఫిర్యాదు చేయండి. ఇలాంటి వాటిపై ఆ సంస్థలు గంటల్లోనే స్పందించాలని నిబంధనలున్నాయి. అమ్మాయిని తిట్టి ఫోన్ లాక్కోవడం పరిష్కారం కాదు.

* చెరువు దగ్గర స్థలం కొనేముందు ఎఫ్‌టీఎల్ పటం చూడండి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకుమించిన చెరువైతే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు అప్పిచ్చింది, కరెంటు మీటరు వచ్చింది... ఈ మూడూ చెరువును ప్లాటుగా మార్చలేవు.

అన్నీ చదివాక ఒక్కటి అర్థమవుతుంది. పేరు సంపాదించడానికి ఏళ్లు పడుతుంది, చెరువు నిండటానికి వానాకాలాలు పడతాయి. పోగొట్టడానికి ఒక ఫార్వర్డు, ఒక పొక్లెయిన్ చాలు. పోయాక వచ్చే తీర్పు పరిహారమిస్తుందేమో కానీ పోయినదాన్ని తెచ్చివ్వలేదు. అందుకే కోర్టు మెట్లకన్నా ముందు ఓ చిన్న మెట్టుంది. మీట నొక్కే ముందు, అడ్వాన్సు ఇచ్చే ముందు... ఒక్క క్షణం ఆగడం!